పూత ఆరేదాకా

వదినా ఆడపడుచులున్న ఆ ఇంట్లో సాయంకాలం రెండు పనులు ఒక్కసారే సాగేవి. ఆడపడుచు ముఖాన పూత ఆరేది. వదిన గొంతులో పుస్తకం కదిలేది.

ఆడపడుచుది ఫొటో స్టూడియోలో కొలువు. వచ్చినవాళ్ల ముఖాల మీది మచ్చలనూ ముడతలనూ కంప్యూటర్లో చెరిపేసి, వాళ్లను పడుచుదనంలోకి తిప్పి పంపడం ఆమె విద్య. ఒకనాడు ఇంటికొచ్చి అద్దం చూసుకుంటే తన కంటికొసల్లోనే సన్నని గీతలు. వాటిని చెరిపే మీట అద్దానికి లేదు. నాటినుంచి గూట్లో వయసును ఆపే సీరం, రాత్రి క్రీము, బూడిదరంగు పూత కొలువుదీరాయి. పూత ఆరేదాకా నవ్వకూడదు, మాట్లాడకూడదు.

వదినది దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే పని. ఆమె చూపు అంచులనుంచి లోపలికి ముడుచుకొస్తోంది. దీనికి మందు లేదనీ, చూడాలనుకున్నవి త్వరగా చూసేయమనీ డాక్టరు చెప్పాడు. వదిన ఆ మాటను నవ్వుతూనే ఇంటికి మోసుకొచ్చింది.

"ఇన్నాళ్లూ కాజాలు తప్ప ఏం చూశాను? ఇప్పుడేం చూడాలో పుస్తకాన్నే అడుగుదాం" అని యాత్రల పుస్తకమొకటి తెచ్చుకుంది.

అందులో ఒక ఉప్పుమైదానం ఉంది. వాన కురిసి పలచగా నీరు నిలిస్తే ఆకాశం నేలమీద పరుచుకుంటుందట. అడుగేస్తే మబ్బుమీద వేసినట్టే ఉంటుందట. ఆ పుట చదివి వదిన పుస్తకం మూసింది, వేలు మాత్రం లోపలే ఉంచి.

"అద్దాలమ్మా, వెళ్దామే మనిద్దరం. అంత పెద్ద అద్దం నీకింకెక్కడా దొరకదు."

ఆడపడుచుకు గుండె ఎగిసింది. కానీ ముఖాన పూత ఉంది. ఆగమన్నట్టు చెయ్యెత్తింది. అది ఆరి, కడిగి, తుడుచుకునేసరికి ఎగిసిన గుండె కాస్తా సర్దుకుంది.

"ఈ క్రీముల కోర్సు మధ్యలో ఎండకెళ్తే మచ్చలు తేలతాయట వదినా. ఇదొక్కటీ అయిపోనీ. ఫొటోలు కలకాలం ఉంటాయి, ఈ మొహంతో ఎలా దిగను?"

"మనమేమన్నా పెళ్లిచూపులకెళ్తున్నామా?"

"ముఖాలు దిద్దేదాన్ని, నాకు తెలీదా?"

"సరేలే. నీ మొహం తేరేదాకా ఆగుతాయేమో నా కళ్లను అడిగి చూస్తా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో మాట కొట్టుకుపోయింది.

కోర్సు అయింది. ఫలితం నిలవాలంటే ఇంకొకటి వాడాలంది క్రీములు అమ్మే పిల్ల. అదీ మొదలైంది. వానలు వచ్చి వెళ్లాయి, మళ్లీ వచ్చాయి. వదిన గుమ్మానికి భుజం కొట్టుకోవడం మొదలుపెట్టింది. కాజాలు వంకరపోతున్నాయని దర్జీ ఆమెకు బొత్తాలు ఏరే పని ఇచ్చాడు. చదివేటప్పుడు వరుస కింద వేలు వచ్చింది. కొన్నాళ్లకు వేలూ దారి తప్పింది. ఆడపడుచు ఇవన్నీ చూస్తూనే ఉంది, పూత కింద కదలకుండా.

ఒక సాయంత్రం చదువు ఆగిపోయింది.

"అక్షరాలు ఒకదాన్నొకటి మింగేస్తున్నాయే. ఇవాళ నువ్వు చదువు" అంది వదిన.

ఆడపడుచు పచ్చిపూతను కడిగేసుకుని వచ్చి పుస్తకం అందుకుంది. ఆ పూత డబ్బా మూత మళ్లీ తీయలేదు.

నాటినుంచి చదివే గొంతు మారింది. చదువుతూ చదువుతూ మళ్లీ ఆ ఉప్పుమైదానం దగ్గరకే వచ్చారు. నేలమీది ఆకాశం, మబ్బుమీది అడుగు. అన్నీ అక్కడే ఉన్నాయి, అక్షరం చెక్కుచెదరలేదు. వదిన చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి ఆమె చెంపను దొరకబుచ్చుకుంది. వేళ్లు కంటికొసదాకా వెళ్లి ఆగాయి.

"నున్నగా ఉందే. పని చేసిందన్నమాట."

ఆ మాటలో దెప్పు లేదు. ఉంటే ఎంత బావుండేదో అనిపించింది ఆడపడుచుకు.

"ఇప్పుడైనా వెళ్దామా? నువ్వు చూసి చెబుదువుగాని. కాళ్లకింద నీళ్లు నాకూ తెలుస్తాయిలే."

ఈసారి ఆమె ముఖాన ఏ పూతా లేదు. అయినా చెంపమీది వేళ్లకు తడి తగిలింది. వదిన చెయ్యి తీయలేదు.

"ఆరనీలే" అంది. "నేనాగుతా."