పేరు ఒకటైతే మనిషీ ఒకటే

అమలాపురంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల పనంతా రాజ్ కుమార్‌దే. చెడ్డవాడు కాదు, పనిమంతుడే. కాకపోతే చేసిన పని మళ్లీ చేయాలంటే బద్ధకం. అందుకే ఒక్క నొక్కుతో పని చేసిపెట్టే చిన్న చిన్న స్క్రిప్టులు ఇంటర్నెట్‌లో దొరికినవన్నీ ఒక ఫోల్డరులో దాచుకున్నాడు. డేటాబేసు నెమ్మదిస్తే ఒకటి, రోగుల వివరాలకి రోజూ నకలు తీయడానికి ఒకటి, ఒకే రోగి పేరు రెండుసార్లు ఎక్కితే ఒకటి తీసేయడానికి ఇంకొకటి. చిక్కంతా ఈ చివరిదానితోనే వచ్చింది.

ఒకరోజు మేనేజరు సత్యానందం గారు పిలిచారు.

"ఏంటండీ రాజ్ కుమార్ గారూ, ఒక్కో పేరు రెండేసిసార్లు కనపడతంది. ఏది నొక్కాలో తెలీక కౌంటరు వాళ్లు చస్తన్నారు. శుభ్రం చేసేయండి."

"ఆయ్, చేసేత్తానండి."

ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి స్క్రిప్టు నడిపాడు. పేరు, ఇంటిపేరు, ఊరు, పుట్టినతేదీ, ఈ నాలుగూ కలిస్తే ఒకే మనిషి కింద లెక్క. కొత్త వివరాలు ఉంటాయి, పాతవి పోతాయి. అది రాసినవాడు ఏ దేశంవాడో, వాడికి కోనసీమ తెలియదు, సరే. ఇక్కడే పుట్టి పెరిగిన రాజ్ కుమార్‌కేమైంది? మన ఇళ్లలో తాతమ్మ పేరు అన్నా కూతురికి పెట్టుకుంటాడు, తమ్ముడూ పెట్టుకుంటాడు. పెద్ద, చిన్న అని పిలుచుకోవడమే గానీ ఆ పెద్దా చిన్నా ఏ కాగితంలోకీ ఎక్కవు. పుట్టినరోజు తెలియనివాళ్లందరికీ ఆధార్ తీసినవాడు జనవరి ఒకటి వేసి, మొహం చూసి సంవత్సరం వేశాడు. అంతెందుకు, రాజ్ కుమార్ మేనత్తలే ఇద్దరు సువార్తమ్మలు, ఇంటిపేరూ ఊరూ ఆధార్ తేదీ కూడా ఒకటే.

నెల దాటాక ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. భోజనాల దగ్గర ఎవరో "చిన్న సువార్తమ్మకి పులుసు వెయ్యండే" అని కేకేశారు. రాజ్ కుమార్ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెద్ద సువార్తమ్మకి ఒక రకం ఇంజక్షన్ పడదు. ఆ సంగతి ఆసుపత్రి కంప్యూటర్లో ఎర్ర అక్షరాలతో ఉండేది.

చేయి కడుక్కుని పరుగెత్తాడు. కంప్యూటర్లో ఒక్క సువార్తమ్మే మిగిలింది, చిన్నావిడ. నకలు తెరిచి చూస్తే అందులోనూ ఆవిడే. కొత్త నకలు పాతదాని మీద పడిపోయేలా పెట్టుకున్నది అతనే.

వెళ్లి మేనేజరుకి చెప్పాడు. ఆయన లేచి తలుపు వేసి వచ్చారు.

"ఇలా ఇంకెంతమందివి పోయేయండీ?"

"తెలీదండి. తీసేసినవాళ్ల పేర్లు దాచలేదండి."

"అయితే ఇంకెవరికీ తెలీదు. బయటికి పొక్కిందంటే మన గుమ్మం ఎవరూ తొక్కరు. వచ్చినోళ్లని మళ్లీ అడిగి ఎక్కించుకుందాం లెండి."

ఎవరు అడగాలో మాత్రం ఆయన చెప్పలేదు.

రాజ్ కుమార్ మేనత్త వివరాలు మళ్లీ ఎక్కించాడు. ఎర్ర అక్షరాలూ పెట్టాడు. వార్డులో నర్సు జెస్సీకి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది, కంప్యూటర్ని నమ్మకమ్మా, మనిషిని అడుగు అని. చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. మనవాళ్లు గట్టెక్కితే చాలనుకునే ఈ బుద్ధి చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

తరువాత కొన్నాళ్లకి అల్లవరం నుంచి కొండయ్య అనే అతను తన భార్య అన్నపూర్ణని ఆటోలో తీసుకొచ్చాడు. రొయ్యల చెరువు గట్టు మీద పని చేస్తుంటే కాలికి గాయమైంది, చీము పట్టింది. ఒళ్లు కాలిపోతోంది, మాట లేదు. జెస్సీ కంప్యూటరు చూసింది. అల్లవరంలో ఆ ఇంటిపేరుతో అన్నపూర్ణ ఒక్కరే ఉన్నారు, ఏ మందుతోనూ ఇబ్బంది లేదని ఉంది. అవి కొండయ్య తమ్ముడి భార్య వివరాలు. ఆవిడా అన్నపూర్ణే. తోడికోడళ్లిద్దరికీ ఆధార్ ఒకే రోజు తీశారు, ఒకే సంవత్సరం వేశారు.

కొండయ్య కౌంటరు దగ్గర వేలిముద్ర వేస్తుండగా లోపల ఇంజక్షన్ చేశారు. అతను వచ్చేసరికి ఆవిడ మొహం ఉబ్బిపోయి, ఊపిరందక కొట్టుకుంటోంది. డాక్టరు గారు చేయగలిగిందంతా చేశారు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

మేనేజరు గదిలో కుర్చీ చూపించినా కొండయ్య కూర్చోలేదు.

"ఆ సూది మా ఆవిడకి పడదండి. మొదట వచ్చినప్పుడే చెప్పేనండి. అప్పటి నర్సమ్మగారు ఎక్కించుకుని, ఇంక మీరు ప్రతిసారీ చెప్పక్కర్లేదు, కంప్యూటరే చెప్తాదన్నారండి. అందుకే ఇయ్యాల చెప్పలేదండి."

సత్యానందం గారు రాజ్ కుమార్ కేసి తిరిగారు. "ఉందేమో చూడండి."

చూడక్కర్లేదని తెలిసీ చూశాడు. పేరు కొట్టాడు, ఊరు కొట్టాడు, తెరను కొండయ్య వైపు తిప్పాడు.

"లేదండి. అలాంటిదేమీ ఎక్కలేదండి."

కొండయ్యకి చదువు రాదు. అయినా ఆ తెరను చాలాసేపు చూశాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"అయితే నేనే చెప్పలేదేమోనండి. చెప్పేననుకున్నాను. నా చేతులతో నేనే చంపుకున్నానండి," అని రెండు చేతులూ జోడించాడు. "బాబూ, మీకు దణ్ణం పెడతాను, ఈ మాట మా పిల్లలకి మాత్రం తెలియనివ్వకండి."

"ఆయ్," అన్నాడు రాజ్ కుమార్. "చెప్పమండి."