ఒంటిగీత సారు

మా గైడుని వెనకాల అందరం ఒంటిగీత సారు అనేవాళ్ళం. ప్రోటీన్లను జెల్ అనే మెత్తటి పలకలో పోసి కరెంటు పెట్టి, రంగు పట్టిస్తే ఒక్కో ప్రోటీను ఒక్కో చోట నీలంగీతై ఆగుతుంది. గీత ఒక్కటే ఉంటే సరుకు శుద్ధమైనట్టు. రెండో గీత కనిపించిందంటే ఆ పూట సారుకి అన్నం సయించదు.

నా థీసిస్ మీద ఆయన సంతకం పడితే కాలేజీలో ఉద్యోగం నాది. నెలాఖరులోగా పడకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. ఈ సంగతి మా అత్తగారికి కూడా కంఠతా వచ్చు. "ఏమ్మా, ఆ గీత ఒక్కటయిందా?" అని రోజూ ఫోన్ చేసేవారు, కోడలు నెల తప్పిందా అని అడిగినట్టు.

నా ప్రోటీను ఒక ముళ్ళమొక్క పువ్వులది. పువ్వులు నూరి పిండిన రసం ఒక్క చుక్క వేస్తే పాలు గడ్డకట్టేవి, గాజుగొట్టం తలకిందులు చేసినా జారేవి కావు. కానీ రసం మురికిగా ఉందన్నారు సారు. సరేనని స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, ప్రోటీను చెడకుండా ఉండే చలిగదిలో కూర్చున్నాను. సన్నపూసలు నింపిన గొట్టంలోంచి ఆ రసాన్ని చుక్కచుక్కగా దించితే, కొన్ని ప్రోటీన్లు పూసలకు అంటుకుంటాయి, కొన్ని జారిపోతాయి. చివరికి రెండు గీతలు మిగిలాయి. ఒకటి లావుది, దాని కింద ఒకటి సన్నది.

"ఆ సన్నదాన్ని వదిలించమ్మా," అన్నారు సారు, ఇంట్లో దూరిన తేలును చూసినట్టు చూస్తూ.

ముక్కు కారుతూ, వేళ్ళు కొంకర్లు పోతూ, పూసలు మార్చి మార్చి వదిలించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆఖరికి ఒకే ఒక్క గీత వచ్చింది. సారు ఆ ఫోటో పట్టుకుని వరండా అంతా తిరిగి కనబడినవాళ్ళకల్లా చూపించారు. నేను ఆ శుద్ధమైన సరుకుని పాలల్లో వేశాను. పాలు పాలలాగే ఉన్నాయి.

"పాలు బాగాలేవేమో, వేరే పాకెట్ తెప్పించు," అన్నారు సారు.

ఊళ్ళో దొరికే పాలన్నీ అయ్యాయి. ఒళ్ళు మండి, ఆయన వదిలించమన్న సన్నగీత సరుకుని ఫ్రిజ్‌లోంచి తీసి కలిపాను. నిమిషంలో పాలు రాయిలా బిగుసుకున్నాయి. లావుదీ సన్నదీ దేనికది పనిచేయవు, రెండూ కలిస్తేనే. మొగుడూ పెళ్ళాల్ని విడదీసి, కాపురం ఎందుకు సాగడంలేదని ఇన్నాళ్ళూ తలలు పట్టుకున్నామన్నమాట.

రెండు గీతల ఫోటోని థీసిస్‌లో జిగురుతో అతికించి, గాజుగొట్టంతో సహా సారు గదికెళ్ళాను. ఆయన బల్ల మీదే గొట్టం బోర్లించాను. చుక్క జారలేదు.

"భలే గడ్డకట్టిందే," అని ముచ్చటపడి, ఫోటో చూసి ముఖం వేలాడేశారు. "ఇందులో రెండు గీతలున్నాయేంటమ్మా?"

"రెండూ కావాలి సార్. విడదీస్తే పని చెయ్యట్లేదు."

"పనిదేముందమ్మా. నా దగ్గర్నించి రెండు గీతలు బయటికెళ్తే నలుగురిలో తలెత్తుకోగలనా?"

నాకు ఏడుపొచ్చింది. సంతకం లేకుండా ఏ ముఖం పెట్టుకుని ఇంటికెళ్ళను? అక్కడే పాతేసినట్టు నిలబడిపోయాను. ఆయన కాసేపు పెన్ను కొరికి, సొరుగులోంచి కత్తెర తీశారు. ఫోటో ఊడదీసి, సన్నగీత మేరకు కత్తిరించి చెత్తబుట్టలో పడేసి, లావుగీత ముక్కని మళ్ళీ అతికించారు.

"చూశావా, ఎంత శుద్ధంగా ఉందో," అంటూ సంబరంగా సంతకం పెట్టేశారు. నెలల తరబడి చలిగదిలో నేను చేసిన చాకిరీ, కత్తెరకి ఒక్క క్షణం పని.

నేను వంగి చెత్తబుట్టలోంచి ఆ ముక్క ఏరుకున్నాను.

"అదెందుకమ్మా?"

"గది శుభ్రంగా ఉండాలి కద సార్," అన్నాను.

వరండాలోకొచ్చి సన్నగీతని లావుగీత కింద, దాని చోట్లోనే అతికించి, జిగురు ఆరేదాకా ఊదుకుంటూ ఆఫీసుకి నడిచాను. అక్కడి గుమాస్తా ఫోటో వైపు కన్నెత్తి కూడా చూడలేదు. సంతకం ఉందో లేదో చూసుకుని, ముద్ర గుద్దాడు.