నీళ్లు తీసేసే గురువారం

కొరీన్ ఆ ఉదయం వంటింటి అరల్లోని సీసాలన్నీ దించి, తుడిచి, మళ్లీ సర్దింది. నిన్న కూడా అదే పని చేసింది. తల్లి నోలీన్ టోస్ట్ మీద ఉప్పటి వెజిమైట్ ముద్ద రాస్తూ కూతురి వంక చూసింది.

"ఆ సీసాలు నీకేం పాపం చేశాయే? కాసేపు కూర్చో."

"కూర్చోలేనమ్మా. కాళ్లలో చీమలు పాకుతున్నట్టుంది."

"చీమలు కాదు, వెంట్రుకలు. ఉన్ని కత్తిరించని గొర్రెలా ఉన్నావు. ఎప్పుడు గీస్తావు వాటిని?"

"పోటీ ముందు రోజే. ఇప్పుడే గీసేస్తే ఏం లాభం?"

నెలల తరబడి వెంట్రుకలు పెరగనిచ్చి, పోటీకి ముందు నున్నగా గీసుకుంటే నీళ్లు ఒంటికి కొత్తగా తగులుతాయి. ఈతగాళ్లందరూ చేసేదే అది. దాన్ని మించిన కష్టం ఇంకొకటుంది. పోటీ దగ్గర పడ్డాక ఈత బాగా తగ్గించెయ్యాలి. ఆ రోజులకి వాళ్లలో 'తగ్గింపు' అని పేరు. రెండు పూటలా నీళ్లలో నలిగే ఒంటిని ఉన్నట్టుండి ఆపితే, లోపల పోగైన సత్తువకు దారి దొరకదు. నిద్ర పట్టదు, కోపం ఆగదు.

బటర్‌ఫ్లై ఈతలో కొరీన్‌ని దాటినవాళ్లు దేశంలో చాలాకాలం లేరు. నాలుగేళ్ల కిందట ఒలింపిక్స్ ఎంపికకు ముందు, ఇలాంటి తగ్గింపు రోజుల్లోనే ఉండబట్టలేక, ఎవరికీ చెప్పకుండా వెళ్లి కసితీరా ఈదింది. పోటీలో చివరి మలుపు తిరిగేసరికి చేతులు తడిసిన దుప్పట్లలా బరువెక్కాయి. మూడో స్థానం వచ్చింది. జట్టులోకి తీసుకునేది ఇద్దరినే. ఇప్పుడామెకి ముప్ఫై దగ్గర పడుతోంది. సోమవారం అడిలైడ్‌లో జరిగే ఎంపిక తప్పితే ఇక ఇంకోటి లేదు.

అందుకే కోచ్ మెర్వ్ నిన్న గుమ్మంలో నిలబడి మరీ చెప్పి వెళ్లాడు. "రేపు నీళ్ల మొహం చూశావో, నీ మొహం నేను చూడను."

"పాలు తెస్తానమ్మా," అంది కొరీన్.

"ఫ్రిజ్‌లో రెండు సీసాలున్నాయి."

"మూడోది తెస్తాను."

స్వెట్టర్ కింద ఈత దుస్తులు వేసుకునే ఉంది. పాల కొట్టు దాటి, నేరుగా సముద్రం ఒడ్డున రాతిలో తొలిచిన ఈతకొలను దారి పట్టింది. మెట్ల మీదికొచ్చాక గాని ఆ రోజు గురువారమని గుర్తు రాలేదు. గురువారం గురువారం ఆటు సమయంలో తూము తీసి, నీళ్లు సముద్రంలోకి వదిలేసి, గోడల పాచి గీకుతారు. పోటు వచ్చి మళ్లీ కొలను నింపుతుంది. నడక రాకముందు నుంచీ ఆమె చూస్తున్నదే. అలాంటిది మర్చిపోయింది.

చలికాలం ఈత సంఘం ముసలమ్మలు ఆఖరి మునకలు కానిచ్చి, మెట్ల మీద టీ తాగుతున్నారు.

"ఏం పిల్లా, ఈ ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు గురువారమని," అంది వాళ్లలో పెద్దదైన వెల్మా.

"ఎంత మిగిలాయి నీళ్లు?"

"నడుం దాకా. నువ్వు ఈదితే మోకాళ్లు చెక్కుకుపోతాయి."

కొరీన్ చివరి గోడ మీదికి నడిచింది. అవతల అసలు సముద్రం. అలలు లేచి పడుతున్నాయి. నీళ్లలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము దాకా ఈది వస్తే చాలు, రాత్రికి నిద్ర పడుతుంది. స్వెట్టర్ తీసేసింది. భుజాలు వాటంతటవే తిరుగుతున్నాయి.

వెల్మా టీ కప్పు పట్టుకుని వెనకే వచ్చింది. "పోయినసారి కూడా ఇక్కడి నుంచే దూకావు."

కొరీన్ తిరిగి చూసింది. "నీకెలా తెలుసు?"

"నేను చూశాను. మెర్వ్‌కి చెప్పలేదు, మీ అమ్మకీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పనులే, బంగారం. దూకితే దూకు. గోడ జారుతుంది, చూసుకో."

ఆపి ఉంటే దూకేసేదే. ఆపకపోయేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. అలలకేసి చూస్తూ చాలాసేపు నిలబడింది. చివరికి వెనక్కి వచ్చి, కొలనులో మిగిలిన నీళ్లలో వెల్లకిలా పడుకుంది. చెయ్యి కదిపితే ఈత అవుతుంది. కదపలేదు. దవడలు చలికి వణుకుతున్నాయి, తొడల్లో నరాలు తుళ్లుతున్నాయి. నీళ్లు మాత్రం వాటి దారిన అవి దిగిపోతున్నాయి. ముందు మడమలు నేలకి తగిలాయి, తర్వాత నడుం, తర్వాత భుజాలు. నీళ్లు ఆమెని తెచ్చి నేల మీద పెట్టేసి వెళ్లిపోయాయి.

పాచి గీకే మనిషి చీపురుతో వచ్చాడు. "లేస్తావా? నిన్ను కూడా రుద్దెయ్యమంటావా?"

మెట్ల మీద ముసలమ్మలు పగలబడి నవ్వారు.

సోమవారం అడిలైడ్‌లో చివరి మలుపు తిరిగేసరికి కొరీన్ నాలుగో స్థానంలో ఉంది. దుప్పట్ల బరువు ఎప్పుడొస్తుందా అని భయపడుతూనే చేతులు చాచింది. రాలేదు. ఇంకోసారి చాచింది. రాలేదు. పక్క వరసలో నీళ్ల నురగ వెనకబడింది, ఆ పైన ఇంకొకటి. గోడ తాకి తలెత్తి చూస్తే ఫలితాల పలక మీద ఆమె పేరు రెండోది.

మెర్వ్ తువ్వాలు కప్పాడు. ఏడుస్తున్నట్టు కనబడకుండా గట్టిగా గొంతు సవరించుకున్నాడు. "రేపణ్నుంచి మళ్లీ రెండు పూటలా. వచ్చే నెల ఒలింపిక్స్ ముందు మళ్లీ తగ్గింపు."

"మళ్లీనా!" అంది కొరీన్. తువ్వాలు కింద ఆమె కాళ్లు అప్పుడే ఆడుతున్నాయి.