రిలీవర్

నిషితకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు మొగులయ్య చిట్కుల్‌లో తమ వీధి మొత్తానికీ మిఠాయి పంచాడు. ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో కాలేజీకే వచ్చి ఎంపిక చేసుకున్న ఐటీ కంపెనీ అది. చేరగానే పన్నెండు వారాల శిక్షణ. అందులో నెగ్గితేనే ప్రాజెక్టు. ఆ శిక్షణ హైదరాబాద్‌లో ఎక్కడో ఉంటుందనుకున్నారు. తీరా చూస్తే పటాన్‌చెరు దాటాక పారిశ్రామికవాడలోనే, ఇంటికి పావుగంట దూరంలో ఉంది.

"మంచిగయింది. హాస్టల్ తిప్పలు లేవు," అంది తల్లి భవాని.

"ఎక్కడ్నట?" అన్నం కలుపుతూ అడిగాడు మొగులయ్య.

నిషిత ఫోన్‌లో చిరునామా చదివింది. మూతపడిన ఒక మందుల ఫ్యాక్టరీ తాలూకు ఆఫీసు భవనం. ఖాళీగా పడి ఉంటే కంపెనీ కిరాయికి తీసుకుని శిక్షణ కేంద్రంగా మార్చింది. మొగులయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నువ్వు పనిచేసిన ఫ్యాక్టరీయేనా నాయినా?"

"ఆ. గదే." కంచం పక్కకు జరిపి, "బిల్డింగ్ ఎనకకు పోకు బిడ్డా," అన్నాడు. సగం అన్నం వదిలేసి లేచాడు.

పదకొండేళ్ళ కింద అక్కడ రియాక్టర్ పేలిందని, పెద్దరాములు అనే మనిషి చనిపోయాడని నిషితకు తెలుసు. నాయిన ఆ తర్వాత ఆ పని మానేసి వేరే ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌లో చేరాడు. అంతకన్నా ఎక్కువ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

మొదటి నాలుగు వారాలు ఊపిరి తీసుకోవడానికి సమయం లేకుండా గడిచాయి. పొద్దంతా పాఠాలు, కోడింగ్, శనివారం పరీక్ష. నలభై మందిలో ఇద్దరిని మూడో వారమే ఇంటికి పంపేశారు. మధ్యాహ్నం భోజనాల గది కిటికీలోంచి చూస్తే వెనక పెద్ద ఖాళీ స్థలం కనిపించేది. షెడ్లు కూలగొట్టి చదును చేశారు. వానలకు చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగినా, నడుమ ఒకచోట మాత్రం గుండ్రంగా నేల బోడిగా ఉండేది. అక్కడికి వెళ్ళాలని నిషితకు ఎప్పుడూ అనిపించలేదు.

అయిదో వారం క్లయింట్ కాల్స్ నేర్పడం మొదలైంది. కింది అంతస్తులో వరసగా ఆరు చిన్న అద్దాల గదులు. ఒక్కో గదిలో ఒక కంప్యూటర్, తలకు పెట్టుకునే హెడ్‌సెట్. శిక్షకుడు చంద్రకాంత్ పై అంతస్తులో తన గదిలో కూర్చుని విదేశీ కస్టమర్‌లాగా కాల్ చేస్తాడు. కోపంగా అరుస్తాడు, అడిగిందే అడుగుతాడు. వీళ్ళు ఓపిగ్గా జవాబు చెప్పాలి. ప్రతి కాల్ రికార్డవుతుంది. దాన్ని విని మార్కులు వేస్తారు.

సోమవారం మధ్యాహ్నం రెండు దాటాక నిషిత మూడో గదిలో కూర్చుంది. కాల్ వచ్చింది.

"గుడ్ ఆఫ్టర్‌నూన్. నిషిత స్పీకింగ్," అంది నేర్పినట్టే.

అవతల ఏదో మోటారు తిరుగుతున్న మోత. దాని మధ్యలోంచి ఒక మగ గొంతు వచ్చింది.

"రిలీవర్ వచ్చిండా?"

అది చంద్రకాంత్ గొంతు కాదు. పెద్దవయసు గొంతు, కొంచెం బొంగురుగా ఉంది. తెలుగులో మాట్లాడితే మార్కులు పోతాయని నిషిత ఇంగ్లీషులోనే, మీ సమస్య ఏమిటో చెప్పండి అని అడిగింది.

"నాకు గా ఇంగ్లీష్ సమజ్ గాదు బిడ్డా. టైమెంతైంది చెప్పు."

"రెండుంబావు," అనేసింది తెలియకుండానే.

"ఇంకా రాలే. ప్రెషర్ ఎక్కుతున్నది. నేను ఇడిసిపెట్టి పోరాదు గదా."

పది నిమిషాలు అలాగే సాగింది. అతను మళ్ళీ మళ్ళీ టైం అడిగాడు. రెండూ ఇరవై అయిదుకి లైను తెగిపోయింది. నిషిత మెట్లెక్కి పైకి వెళ్ళి, "సార్, గిట్ల పరేషాన్ చేస్తే ఎట్ల మాట్లాడాలె?" అంది నవ్వడానికి ప్రయత్నిస్తూ.

చంద్రకాంత్ అర్థంకానట్టు చూశాడు. "నీకు నేనింకా కాల్ చెయ్యలేదు నిషితా. భోజనం చేసి ఇప్పుడే వచ్చిన."

ఇద్దరూ కలిసి రికార్డింగ్ విన్నారు. నిషిత గొంతు ఒక్కటే ఉంది. ఆమె మాటకూ మాటకూ మధ్య, ఎవరో జవాబు చెప్పడానికి సరిపోయేంత మౌనం. ఆ మౌనంలో దూరంగా మోటారు మోత.

"లైన్ తప్పుగా కలిసి ఉంటది. రేపు వేరే రూమ్‌ల కూర్చో," అన్నాడు చంద్రకాంత్. కానీ ఆ మోత దగ్గర రికార్డింగ్‌ను రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు.

మరునాడు నిషిత ఆరో గదిలో కూర్చుంది. రెండూ పదికి కాల్ వచ్చింది. ఈసారి పలకరింపు కోసం అతను ఆగలేదు.

"నిన్నటి బిడ్డవేనా? రిలీవర్ వచ్చిండా?"

నిషిత హెడ్‌సెట్ తీసేద్దామనుకుంది. కానీ ఆ గొంతులో బెదిరింపేమీ లేదు. బస్సు కోసం గంటల తరబడి ఎదురుచూస్తున్న మనిషి పక్కవాళ్ళని అడిగినట్టు అడుగుతున్నాడు.

"మీరెవలు?"

"ఫస్ట్ షిఫ్టోన్ని. ఆపరేటర్‌ను. నువ్వెవలి బిడ్డవు?"

"చిట్కుల్ మొగులయ్య బిడ్డను."

మోటారు మోత తప్ప ఏమీ వినిపించలేదు. నిషిత గడియారం చూసింది. నిమిషం గడిచింది. తర్వాత ఆ గొంతు మెల్లగా అడిగింది.

"తమ్ముడు ఇంట్లకెల్లి బయలెల్లిండా?"

ఆ సాయంత్రం నిషిత కంపెనీ బస్సు దిగి ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చింది. మొగులయ్య నల్లా దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. విని, నల్లా కట్టెయ్యకుండా అలాగే గడప మీద కూలబడ్డాడు. బకెట్ నిండి నీళ్ళు వాకిట్లోకి పారాయి. భవాని వచ్చి నల్లా కట్టింది.

"పెద్దరాములన్న," అన్నాడు. "నన్ను తమ్ముడు అనేటోడు."

అప్పుడు చెప్పాడు. ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు మనిషిని ఇంటికి పంపడానికి తర్వాతి షిఫ్టు మనిషి వస్తాడు. అతనే రిలీవర్. అతను వచ్చి, రీడింగులు అడిగి తెలుసుకుని, చార్జ్ తీసుకున్నాకే మొదటి మనిషి రియాక్టర్ దగ్గర్నుంచి కదలాలి. పెద్దరాముల్ది మొదటి షిఫ్టు. రెండు గంటలకు అతన్ని విడిపించాల్సింది మొగులయ్య. ఆ రోజు రెండూ ఇరవై అయిదుకి రియాక్టర్ పేలినప్పుడు మొగులయ్య ఇంకా గేటు దాకా కూడా రాలేదు.

"బండి పంక్చరైందన్నవ్ గదా అప్పుడు?" అంది భవాని.

"అన్న. అందరికీ గట్లనే చెప్పిన." అతను భార్య వైపు చూడలేదు. "పంక్చర్ గాలే. ఇస్నాపూర్ చౌరస్తాల చాయ్ దగ్గర దోస్తులు కలిసిండ్రు. ముచ్చట్ల కూసున్న. రోజూ పావుగంట, ఇరవై నిమిషాలు లేట్‌గనే పోతుండె. అన్న ఎన్నడు ఒక్క మాట అనకపోతుండె గదా అని కూసున్న."

భవాని లోపలికి వెళ్ళిపోయింది.

బుధవారం మొగులయ్య సెలవు పెట్టి కూతురితో పాటు శిక్షణ కేంద్రానికి వచ్చాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. కానీ చంద్రకాంత్ రిజిస్టర్‌లో తన పేరు మీద రాయించి తీసుకొచ్చాడు. ఆ రెండు రికార్డింగులూ విన్నప్పటి నుంచి అతనికీ మనసు నిలకడగా లేదు. మిగతా పిల్లల్ని పై అంతస్తుకు పంపి, తనూ నిషితా ఆరో గది గుమ్మం దగ్గర నిలబడ్డారు. మొగులయ్య హెడ్‌సెట్ పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

రెండూ పదికి కాల్ వచ్చింది. వీళ్ళిద్దరికీ మొగులయ్య మాటలే వినిపించాయి.

"అన్నా, నేను మొగులయ్యను."

విన్నాడు. హెడ్‌సెట్‌ను చెవికి అదుముకున్నాడు.

"వచ్చిన అన్నా. లేటయింది. నాదే తప్పు. నువ్వు రీడింగ్ చెప్పు." తల ఊపుతూ వింటున్నాడు. "ఆ. నూటనలభై. ఆ... కూలింగ్ లైన్ సగం తెరిచినవ్. సమజైంది. ఇంకేమన్న ఉన్నదా?" ఎడమచెయ్యి తనంతట తనే పైకి లేచి, గాలిలో ఏదో చక్రాన్ని పట్టుకున్నట్టు బిగుసుకుంది. "సరే. చార్జ్ తీసుకున్న. నువ్వు ఇంటికి పో అన్నా. ఎనకకు చూడకు. జల్దీ పో."

తర్వాత అతను మాట్లాడలేదు. హెడ్‌సెట్ తియ్యనూ లేదు. చొక్కా వీపంతా తడిసింది.

"నాయినా, అయిపోయిందా? లే పోదాం," అంది నిషిత.

"చార్జ్ తీసుకున్నంక లేవరాదు."

రెండూ ఇరవై. అతని ముఖం పాలిపోతోంది. నిషితకు భయం వేసింది. భుజం పట్టుకుని, "నువ్వు లే నాయినా, నీ జాగల నేను కూ..." అనబోయింది.

"ఆ మాట అనకు!" అని అరిచాడు. ఆమెను అతను అంత గట్టిగా ఎప్పుడూ గదమాయించలేదు. "బయటికి పో. సారూ, బిడ్డను బయటికి తీస్కపో."

చంద్రకాంత్ ఆమె చెయ్యి పట్టుకుని వరండాలోకి లాగాడు. అద్దంలోంచి చూస్తూ నిలబడ్డారు. ముక్కుపుటాలు మండించే మందు వాసన ఎక్కడి నుంచో వచ్చింది. బల్ల మీది సీసాలో నీళ్ళు సన్నగా వణకడం ఇద్దరూ చూశారు. రెండూ ఇరవై అయిదుకి మొగులయ్య రెండు చేతులతో తల కప్పుకుని బల్ల మీదికి వంగిపోయాడు.

చప్పుడేమీ కాలేదు. వాసన పోయింది. నీళ్ళు నిలిచాయి. పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

రెండూ నలభైకి అతనే లేచి తలుపు తీసుకుని వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పెద్దరాములన్న ఇంటికి, దేవమ్మొదిన దగ్గరికి పోవాలె," అన్నాడు.

ఆ తర్వాత శిక్షణ ముగిసే దాకా నిషితకు అలాంటి కాల్ రాలేదు. పరీక్షల్లో నెగ్గింది, ప్రాజెక్టూ దొరికింది. కానీ తోటివాళ్ళు శిక్షణ గురించి మాట్లాడుకునేటప్పుడు ఆమెకు గుర్తొచ్చేది ఆ గది కన్నా ముందు ఆ బుధవారం సాయంత్రం.

పెద్దరాములు భార్య దేవమ్మకు కొల్లూరులో సర్కారు కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు వచ్చింది. అయిదో అంతస్తు. ఏడాది కిందటే అక్కడికి మారింది. తండ్రీకూతుళ్ళు అయిదు గంటలకు వెళ్ళేసరికి తలుపు తెరిచే ఉంది. దేవమ్మ ముందు గదిలో చాప మీద ఒక్కతే కూర్చుని ఉంది. వాళ్ళను చూసి ఆశ్చర్యపోలేదు.

"కూసోండ్రి," అంది.

మొగులయ్య కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. చౌరస్తా, చాయ్, ముచ్చట్లు, పంక్చర్ అబద్ధం. ఫోన్ సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పడం అయిపోయాక చేతులు జోడించి అలాగే ఉండిపోయాడు.

"నాకెర్కే," అంది దేవమ్మ.

అతను తలెత్తాడు.

"పంక్చరేసే యాదగిరి దినాల నాడే చెప్పిండు, మొగులయ్య బండి నా దగ్గరికి రాలేదని. నువ్వే వచ్చి చెప్తవేమోనని చూసిన. పదకొండేండ్లు చూసిన." గొంతులో కోపం లేదు. దయ కూడా లేదు. "గియ్యాల్ల ఎందుకొచ్చినవో కూడా ఎర్కే."

ఆమె బాత్రూమ్ వైపు వేలు చూపించింది. దాని గుమ్మం దగ్గర్నుంచి లోపలి గది దాకా గచ్చు మీద తడి మరకలు ఉన్నాయి. చాలావరకు ఆరిపోయాయి. అయినా పెద్ద పాదాలవని తెలుస్తోంది.

"మూడు గంటలకు తలుపు చప్పుడైంది. కాళ్ళు కడుక్కున్న చప్పుడైంది. డ్యూటీ దిగి వస్తే గట్లనే కడుగుతుండె, మూడు చెంబులు. లెక్కవెట్టిన. మూడే." దేవమ్మ నిషిత వైపు తిరిగింది. "ఈ ఇల్లు ఆయన ఎన్నడు చూడలే బిడ్డా. గిన్ని బిల్డింగులల్ల, గిన్ని మెట్లెక్కి, ఎట్ల దొరికిందో."

లోపలి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. సందులోంచి మంచం కనిపిస్తోంది. మంచం మీద ఎవరూ లేరు. ఉతికిన దుప్పటి పరిచి ఉంది. దాని నడుమ, మనిషి ఒత్తిగిలి పడుకుంటే పడేంత పొడుగున, పరుపు అణిగి ఉంది.

మొగులయ్య కూడా అటే చూశాడు. "అన్నా," అని పెద్దగా ఏడవబోయాడు.

దేవమ్మ చటుక్కున లేచి, లోపలి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

"మెల్లగ మాట్లాడు మొగులయ్యా," అంది. "ఇప్పుడే నిద్రవట్టింది."