వినపడుతున్నప్పుడే

మళ్ళీ కడుక్కోవాలా, ఇప్పుడే కదా కడుక్కున్నాను, అయినా ఈ గాజు తలుపు దాటాలంటే సిస్టర్ గారు నా మొహం కంటే ముందు చేతులే చూస్తారు, గోళ్ళ సందుల్లో కూడా రుద్దండి బాబూ అంటారు, రుద్దీ రుద్దీ కణుపుల దగ్గర చర్మం పగిలి మంటెత్తుతోంది, ఆస్పత్రంతా ఈ ఘాటు వాసనే, ఇంత ఘాటులో ఏ పురుగు బతుకుతుందిలే అనుకున్నాను, బతికింది, బతికి, నెలలు నిండకుండా పుట్టిన నా పిట్టపిల్ల రక్తంలోకి పోయి కూర్చుంది, రెండు మందులు మార్చినా లొంగలేదు, పొద్దున పిల్లల డాక్టరమ్మ కుర్చీ చూపించి కూర్చోమంది, ఆ సూక్ష్మజీవి మా సింకు గొట్టంలో కూడా దొరికిందండీ అంది, మేం పోసే క్రిమిసంహారక మందు అక్కడికి చేరేసరికి పలచబడుతుంది, తమ ఒంట్లోకి వచ్చిన ఆ మందుని వచ్చింది వచ్చినట్టే బయటికి తోసెయ్యగలిగిన క్రిములు చావకుండా మిగిలిపోతాయి, అలా మిగిలినవే పాపకిచ్చే మందుని కూడా తోసేస్తూ ఉండొచ్చు, అంటే కడగడం వల్లే వచ్చిందా మేడం, అలా అనకండి, కడక్కపోతే ఇంకెంతమంది పిల్లలు పోతారో, సంబంధం ఉండొచ్చు, ఖాయంగా చెప్పలేను, ఖాయంగా చెప్పలేని దానికి నేనెవరి చొక్కా పట్టుకోను, ఇంకొక్క మందు ఉంది, పాతది, మొరటుది, బతికే అవకాశముంది, చెవులు పోవచ్చు, సాయంత్రం మొదలుపెట్టాలి, మీరిద్దరూ మాట్లాడుకుని చెప్పండి అంది, ఇద్దరం ఏం మాట్లాడుకుంటాం, పై అంతస్తులో కుట్లతో పడుకున్న మనిషికి నేను చెప్పిందేమిటి, పాప బాగుంది, అచ్చం నీ ముక్కే, బావమరిది పక్కనుంచి, అక్క ముక్కే వస్తే కోపం కూడా దాని మీదే ఉంటుంది, నీ పని అయిపోయింది బావా అన్నాడు, నవ్వించకురా, కుట్లు లాగుతున్నాయి అంటూనే నవ్వింది, ఆ నవ్వు చూశాక అసలు సంగతి చెప్పకుండానే కిందికి వచ్చేశాను.

గాజుపెట్టెలో గొట్టాల మధ్య చిన్న పొట్ట ఎగిరెగిరి పడుతోంది, పలకరించండి, వింటుంది అంటారు సిస్టర్ గారు, ఏమని పలకరించను, బస్సు నడిపేవాణ్ణి, లోపలికి జరగండి అని అరవడం తప్ప నాకేం వచ్చు, ఏమ్మా అన్నాను, కనురెప్ప కదిలింది, నిజంగానే కదిలింది, నా గొంతుకా, పక్కన యంత్రం కూతకా, నా గొంతు దానికేం తెలుసు, కడుపులో ఉన్నన్నాళ్ళూ అది విన్నది వాళ్ళమ్మ గొంతు, కూరగాయల బండివాడితో బేరమాడే గొంతు, నన్ను దులిపేసే గొంతు, పొట్ట మీద చెయ్యి వేసుకుని దానితోనే గుసగుసలాడిన గొంతు, పుట్టాక ఒక్కసారైనా వినలేదు, సాయంత్రం మందు ఎక్కాక వింటుందో లేదో, నేనేమో పైకెళ్ళి అంతా బాగుంది, నువ్వు పడుకో అని జోకొడుతున్నాను, ఆవిడ ఏడుస్తుందని కాదు, ఆవిడ ఏడిస్తే నేను నిలబడలేనని, మందు వద్దని ఎలాగూ అనం, ప్రాణం ముందు, కానీ ఈ చెవులు పనిచేస్తుండగానే ఆ గొంతు వీటిలో పడాలి, సిస్టర్ గారూ చక్రాల కుర్చీ దొరుకుతుందా, ఎవరికండీ, వాళ్ళమ్మకి, ఆవిడకి విషయం తెలుసా మరి, తెలీదు, ఇప్పుడే వెళ్ళి చెబుతాను, అంతా చెప్పే తీసుకొస్తాను.