ఏడుపు ఎత్తే మనిషి

లక్ష్మణమ్మ జీడిపిక్కను కత్తుల మధ్య పెట్టి, కాలితో పెడలు తొక్కి, పిడి కిందికి దించింది. పిక్క టప్పున రెండుగా విచ్చుకుంది. పప్పు పళ్ళెంలోకి, డొక్కు గంపలోకి. మళ్ళీ ఇంకో పిక్క. ముప్పై ఏళ్ళుగా పొద్దున్న ఏడింటికి ఈ షెడ్డులో ఇదే పని. డొక్కులోంచి చిమ్మే నూనె తగిలితే చర్మం కాలుతుంది. అందుకని ఆడవాళ్ళందరూ చేతులకి ఆముదమూ బూడిదా పూసుకుని కూర్చుంటారు. పూసుకున్నా కాలుతుంది. ఆమె వేళ్ళ చివర్లు నల్లబడి, గీతలన్నీ అరిగిపోయాయి. రేషను షాపులో వేలిముద్ర మిషను ఆమెను గుర్తుపట్టడం మానేసి నాలుగేళ్ళయింది. చద్దన్నం కలుపుకున్నా చేతుల్లోంచి ఆ కమురు వాసనే వస్తుంది. ఆ వాసనంటే ఆమెకి రోత. ముప్పై ఏళ్ళకీ అలవాటు కాలేదు.

పక్క మిషను మీద కూర్చునేది రాణి. ఆరు నెలల క్రితం నౌపడ నుంచి కోడలిగా వచ్చింది. గంపకి ఫోను ఆనించి పెట్టుకుని, ఒక కన్ను పిక్క మీదా ఒక కన్ను రీల్సు మీదా వేసి పని చేస్తుంది. ఎప్పటికో అప్పటికి వేలు తెగ్గోసుకుంటుందని లక్ష్మణమ్మ చెప్పి చెప్పి ఊరుకుంది.

ఆ పొద్దున చెవిలో పెట్టుకునే తీగలు ఇంట్లో మర్చిపోయొచ్చింది. ఫోనులో ఎవడో బిర్యానీ కుండ మీద మూత తీశాడు. ఆవిరి లేచింది. వెనకాల ఒక ఆడగొంతు సాగింది.

"కంచంలో కూడు కంచంలోనే ఉన్నాది మావా... సెయ్యి కడుక్కోకుండా ఎల్లిపోనావా..."

ఆ గొంతు కింద మెత్తగా డ్రమ్ములు, ఆ పైన ఏదో ఇత్తడి బూరా మూలుగు. బిర్యానీవాడు కోడికాలు విరిచి, ఎముక చీకి, కళ్ళు మూసుకున్నాడు.

"పిన్నీ, ఇన్నావా?" అంది రాణి నవ్వుతూ. "ఎవలోగానీ అచ్చం నీ గొంతే. నెల్నించి ఎక్కడ సూసినా ఇదే పాట."

లక్ష్మణమ్మ కాలు పెడలు మీదే ఆగిపోయింది. గొంతు ఆమెదే. మాటలూ ఆమెవే. మూడేళ్ళ క్రితం కిడ్నీలు చెడి చచ్చిపోయిన మొగుడు గంగులు శవం మీద పడి ఆమె ఏడ్చిన ఏడుపు. తర్వాత ఏ మాట వస్తుందో ఆమెకి తెలుసు. రాకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకునే లోపే వచ్చేసింది.

"నన్ను కొట్టిన సెయ్యి ఇదేనా మావా... ఇంత సల్లగైపోనాదేటి..."

గంగులు తనని కొట్టేవాడని లక్ష్మణమ్మ బతికున్న ఏ మనిషికీ చెప్పలేదు. చచ్చినవాడికి చెప్పుకుంది, అంతే. ఆ పక్క ఊళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. శవం దగ్గర రాగం తీసి ఏడ్చేటప్పుడు ఆడది ఏమన్నా అనొచ్చు. మొగుణ్ణి తిట్టొచ్చు, అత్తని దెప్పొచ్చు, గుండెలో పుండునంతా విప్పి చూపించొచ్చు. చుట్టూ కూర్చున్న వాళ్ళు ముక్కు చీదుతారు తప్ప మర్నాడు ఆ మాట ఎత్తరు. శవం దగ్గరి మాట శవంతోనే పోవాలి. ఊళ్ళో నోటికి తాళం లేని ముండ కూడా ఈ ఒక్క మాట తప్పదు.

తప్పింది ఝాన్సీ. తన చేత్తో పెంచిన పిల్ల. ఆ డ్రమ్ములూ బూరా దాని పాటల్లోవే, శవం దగ్గర ఫోను పట్టుకు కూర్చున్నదీ అదే.

లక్ష్మణమ్మ షెడ్డు బయటికెళ్ళి డొక్కుల గుట్ట పక్కన వాంతి చేసుకుంది. పొద్దున్న తాగిన టీ తప్ప ఏమీ రాలేదు.

ఝాన్సీ ఆమె చెల్లెలి కూతురు. చెల్లెలు పోయేనాటికి దానికి నాలుగేళ్ళు. తల్లి శవం ముందు లక్ష్మణమ్మ ఒళ్ళో కూర్చుని, పెద్దమ్మ రాగం తీస్తుంటే అది జోలపాటనుకుని హాయిగా నిద్రపోయింది. అది సంగీతంలో దాని మొదటి పాఠం. ఆ తర్వాత చుట్టుపక్కల ఎక్కడ చావు జరిగినా, ఇంటి దగ్గర చూసేవాళ్ళు లేక, లక్ష్మణమ్మ దాన్ని చంకనేసుకునే వెళ్ళేది. ఆమె కూలికి ఏడ్చే మనిషి కాదు. అయినా బంధువులూ ఇరుగుపొరుగూ ఆమె వచ్చేదాకా ఆగేవారు. ఆమె ఎత్తితేనే మిగతా ఆడవాళ్ళకి ఏడుపు దారి దొరికేది. ఝాన్సీ ఇంటికొచ్చి చచ్చిన కోడిపిల్లని ముందేసుకుని అదే రాగం తీసేది. చావు లేని ఇంట్లో ఏడుపు అరిష్టమని దాని వీపు మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో!

దెబ్బలకి పిల్ల మారింది గానీ గొంతు మారలేదు. విజయనగరం సంగీత కళాశాలలో చేరింది. దాని ఫీజులు ఈ జీడి నూనెలోంచి వచ్చినవే. అక్కడి మాస్టారు, "నీ స్వరం నిలబడదమ్మా, జారిపోతోంది," అని విసుక్కున్నారు. పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాకి సినిమా పాటలు పాడింది. విశాఖపట్నంలో ఒక పెద్ద హోటల్లో, తినేవాళ్ళ మధ్య నిలబడి ఇంగ్లీషు పాటలు పాడింది. అక్కడ పియానో వాయించే ముసలాయన ఆ జారుడే దాని ఆస్తి అన్నాడట. అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ళు పాడిన పాత పాటలు ఇచ్చి వినమన్నాడట. ఆ రాత్రి ఝాన్సీ ఫోన్ చేసి, "పెద్దమ్మా, దీన్ని జాజ్ అంటారు. వాళ్ళు అచ్చం నీలాగే పాడతన్నారే!" అని ఏడ్చింది. లక్ష్మణమ్మ మురిసిపోయింది కూడా. మురిసిపోయినందుకు ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది. తర్వాత బెంగళూరు, స్టేజీలు, ఫొటోలు. ఊళ్ళో జాజ్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. పిల్ల పైకొచ్చిందని మాత్రం అందరికీ తెలుసు. దేని మీద ఎక్కి పైకొచ్చిందో ఈ పొద్దున తెలిసింది.

మిషను దగ్గరికి తిరిగొచ్చేసరికి పొరుగింటి దానమ్మ ఫోను. "మీ అమ్మకి ఆయాసం ఎక్కువైనాది. ఝాన్సీ కారులో దిగినాది. బేగి రా."

లక్ష్మణమ్మ తల్లి సుభద్రమ్మ మంచం పట్టి ఇరవై రోజులు. మనవరాలికి కబురు పంపింది లక్ష్మణమ్మే. ఆఖరిచూపు చూసుకుంటుందని.

ఇంటి ముందు తెల్ల కారు. మునగచెట్టు నీడలో చెవుల మీద డిప్పలు పెట్టుకున్న ఒకతను నిలబడి ఉన్నాడు. "నమస్తే అమ్మా, నా పేరు త్రినాథ్. ఝాన్సీ గారి సౌండ్ నేనే చూస్తాను," అన్నాడు. దానమ్మ ఇచ్చిన గ్లాసు అంచుని రుమాలుతో తుడుచుకుని మరీ నీళ్ళు తాగాడు. లక్ష్మణమ్మ అతని వంక చూడకుండా లోపలికెళ్ళింది.

లోపల ఝాన్సీ అమ్మమ్మని పక్కకి తిప్పి, వీపు మీది పుండు గోరువెచ్చని నీళ్ళతో కడుగుతోంది. చీము గుడ్డకి అంటుకుంది. ముక్కు మూసుకోలేదు, మొహం చిట్లించలేదు. పెంచిన చేతులకి పెంచిన పిల్ల మీద కోపం రావడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది లక్ష్మణమ్మకి. అయినా వచ్చింది.

"నా ఏడుపు రికార్డు సేసినావా?"

ఝాన్సీ చేయి ఆగింది. "ఫోనులో చేశాను. దాచుకుందామనే చేశాను పెద్దమ్మా."

"దాసుకున్నది బిర్యానీ కుండ మీదకి ఎలగొచ్చినాది? నాకొక్క మాట సెప్పేవా?"

"చెబితే ఒద్దంటావని చెప్పలేదు." అబద్ధమాడలేదు, అదొక్కటే దాని మంచి. "పెద్దమ్మా, నువ్వు నన్ను తిట్టు. కానీ అది విని ఎక్కడెక్కడి మనుషులో ఏడుస్తన్నారే. మనం ముఖం చూడని వాళ్ళు!"

"ఎవల కోసం ఏడస్తన్నారే? మీ పెదనాన్న కోసమా?"

ఝాన్సీ నీళ్ళ గిన్నె దగ్గరికి లాక్కుంది. గుడ్డ పిండి మళ్ళీ పుండు తుడవడం మొదలుపెట్టింది.

మంచం మీద సుభద్రమ్మ కళ్ళు తెరిచింది. కుడిచేతి రెండు వేళ్ళు పెదాల దగ్గరికి తెచ్చుకుంది. చుట్ట అడుగుతోంది. డెబ్భై ఏళ్ళు అడ్డపొగ తాగిన మనిషి. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, గంటల తరబడి నాట్లు వేసేది. చిన్నప్పుడు లక్ష్మణమ్మ అడిగింది, నోరు కాలదా అమ్మా అని. "నోరు మూసుకుంటే కాలదే. తెరిస్తేనే కాలద్ది," అంది సుభద్రమ్మ.

"ఇప్పుడొద్దమ్మా, ఊపిరి అందట్లేదు," అంది లక్ష్మణమ్మ. ముసలిది విసుగ్గా మొహం తిప్పేసింది. మొన్న మాట పలికినప్పుడు ఒకటే కోరింది. "నాకు నువ్వే ఎత్తాల. ఆళ్ళూ ఈళ్ళూ ఎత్తినారంటే నాను లెగిసి కూకుని తిడతాను." సుభద్రమ్మకి ఏడుపు నేర్పింది ఆమె తల్లి, లక్ష్మణమ్మకి నేర్పింది సుభద్రమ్మ. తన చావుకి మంచి రాగం పడాలని ముసలిదానికి ఎప్పట్నించో ఆశ. నేనున్నాను కదమ్మా అని లక్ష్మణమ్మ ఆమె చేతిలో చేయి వేసింది.

రెండు గంటలకి ఝాన్సీ చెంచాతో నీళ్ళు పోసింది. అవి లోపలికి వెళ్ళకుండా పెదవి చివర నుంచి కారి తలగడ మీద పడ్డాయి. ఝాన్సీ రెండో చెంచా ముంచి, పొయ్యకుండానే ఆగింది. "పెద్దమ్మా," అంది. అంతే.

పొద్దు వాలేలోగా తియ్యాలని మగవాళ్ళు వెదురు కోసుకొచ్చి పాడె కడుతున్నారు. సుభద్రమ్మకి పసుపు నీళ్ళు పోసి, కొత్త చీర చుట్టి, వాకిట్లో పడుకోబెట్టారు. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. షెడ్డు నుంచి రాణీ వచ్చింది. కూతురు ఎత్తాక గానీ ఎవరూ నోరు విప్పకూడదు. అందరూ లక్ష్మణమ్మ వైపు చూస్తున్నారు.

ఆమె చూరు కింద వేలాడుతున్న దాన్ని చూస్తోంది. బూడిద రంగు బొచ్చుతో, చచ్చిన ఎలకలాగా ఉంది. ఆ మైకు తీగ గోడ వెంట మునగచెట్టు దాకా పోయింది. అక్కడ త్రినాథ్ కళ్ళు మూసుకుని, చెవుల డిప్పలు రెండు చేతులా నొక్కుకుని, పూజలో ఉన్నవాడిలా ఎదురుచూస్తున్నాడు.

"ఒసే," అంది లక్ష్మణమ్మ. "అమ్మమ్మని సూడ్డానికొచ్చినావా, నా గొంతు కోసుకుపోడానికొచ్చినావా?"

ఝాన్సీ మొహం తెల్లబోయింది. "రెండిటికీ," అంది. లేచి ఆ ఎలకని తీగతో సహా పీకి, త్రినాథ్ చేతిలో పెట్టి కారులోకి పొమ్మంది. అతను వెళ్ళి కారు అద్దాలు ఎక్కించుకున్నాడు. ఝాన్సీ తిరిగొచ్చి అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

ఇక అడ్డేమీ లేదు. లక్ష్మణమ్మ కొప్పు విప్పుకుంది. తల్లి గుండె మీద చెయ్యి వేసి ఊపిరి తీసుకుంది.

"ఓ... అమ్మా..."

రాగం ఎప్పటిలాగే కడుపులోంచి లేచింది. లేచి, పైన ఒక్క క్షణం నిలిచి, జారింది. జారగానే చెవిలో డ్రమ్ములు మోగాయి. బూరా మూలిగింది. తలెత్తి చూసింది. ఎదురుగా రాణి పెదవులు కదులుతున్నాయి. తర్వాతి జారుడు ఎక్కడ వస్తుందో తెలిసిన దానిలా, వచ్చిన పాటకి గొంతు కలిపినట్టు. పక్కనున్న ఇంకో పిల్ల తల కొంచెం కొంచెం ఊగుతోంది. పాపం, పెదవి కదిలిందనీ తల ఊగిందనీ వాళ్ళకే తెలియదు. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి.

లక్ష్మణమ్మ నోరు మూసుకుంది.

"ఏటే, ఆపేసినావేటి? ఎత్తు," అంది దానమ్మ.

మళ్ళీ ఊపిరి తీసుకుంది. గొంతు దాకా వచ్చింది, దాంతోపాటు బిర్యానీ ఆవిరీ వచ్చింది. తన గొంతు తనకే ఎంగిలి కూడులా అనిపించింది. ఇంకొకడు చీకి వదిలేసిన ఎముకని తల్లి నోట్లో పెడుతున్నట్టు ఉంది.

"రాదు," అంది.

"రాకపోడమేటే? కన్నతల్లి!"

లక్ష్మణమ్మ ఝాన్సీ వైపు తిరిగింది. "నువ్వెత్తు."

ఝాన్సీ నోరు తెరిచింది. దేశమంతా చప్పట్లు కొట్టించుకున్న నోరు. శబ్దం రాలేదు. "నాకెలా వస్తాది పెద్దమ్మా," అంది తల వంచుకుని. "నాకు పాడ్డమే వచ్చు."

కూతురు ఎత్తలేదు. మనవరాలు ఎత్తలేదు. ఎవరూ ఎత్తలేదు. ఆడవాళ్ళు ముక్కులు చీదుకుని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కుక్క పోయినా ఇంకొంచెం సందడి ఉంటుందని వెనక ఎవరో గొణిగారు. అది నిజమే. మగవాళ్ళు డప్పు కొట్టుకుంటూ పాడె ఎత్తారు. వీధి మలుపు తిరిగేదాకా డప్పు వినబడింది, తర్వాత అదీ లేదు. సుభద్రమ్మ లేచి కూర్చుని తిట్టనూ లేదు.

దీపాల వేళకి ఝాన్సీ బయలుదేరింది. ఎల్లుండి బెంగళూరులో ప్రోగ్రాం ఉందట. గుమ్మం దగ్గర వంగి పెద్దమ్మ కాళ్ళు పట్టుకుంది.

"ఆ పాట తీసేస్తాను పెద్దమ్మా. అన్నిట్లోంచీ తీయించేస్తాను."

"తీసి ఎక్కడ పెడతావు?" అంది లక్ష్మణమ్మ.

కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. తల మీద చెయ్యీ వెయ్యలేదు. కారు వెళ్ళిపోయింది.

తల్లి పడుకున్న చోట మట్టి ప్రమిదలో దీపం పెట్టింది. మంచం నిలబెట్టి, దాని కింద ఊడ్చింది. రేపు పక్కబట్టలు ఏట్లో వెయ్యాలి. ఎల్లుండి షెడ్డుకి వెళ్ళాలి, రాణి పక్కనే కూర్చోవాలి. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంటే జీడి నూనె వాసన, దాని కింద పసుపు వాసన. గోడలో గూడు తుడవబోయి ఆగింది. ఇరవై రోజుల క్రితం మంచం పట్టిన పొద్దున, మళ్ళీ తాగొచ్చులే అని సుభద్రమ్మ ఆర్పి దాచుకున్నది అక్కడే ఉంది. సగం కాలిన చుట్ట, రెండు పళ్ళ గాట్లతో, నిప్పు వైపు లోపలికి పెట్టి.