చాడీలు చెప్పని ఫోన్

పళ్ళ ల్యాబులో అందరూ ఆమెను మైనమ్మ అంటారు. కట్టుడు పళ్ళ సెట్టును ముందుగా మైనంలో మలిచేది ఆమే. పదకొండేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ. వయసు నలభై ఆరు. పెళ్ళి చేసుకోలేదు. వేరే ఊళ్ళో తమ్ముడున్నాడు, ఆదివారాలు ఫోన్ చేస్తాడు.

ఒక సోమవారం పొద్దున స్నానం చేస్తుంటే రొమ్ములో ఏదో చేతికి తగిలింది. బఠాణీ గింజంత ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనం డబ్బా పక్కన పెట్టుకుని ఫోన్‌ను అడిగింది. అలా మూడు రోజులు అడుగుతూనే ఉంది. నొప్పి లేకపోతే ఏమిటి, కదిలితే ఏమిటి, కదలకపోతే ఏమిటి, మందులకు జుట్టంతా ఊడిపోతుందా.

శుక్రవారం బాబాయి ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ల్యాబులో అచ్చులు పోసే పెద్దాయన. ఆమెకు చుట్టమేమీ కాదు, అక్కడ అందరికీ బాబాయే.

"అమ్మాయ్, మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"లేదే. ఏం?"

"డాక్టర్ల చిరునామాలు తీద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నా. పక్కనంతా గడ్డల ఆస్పత్రులవీ, విగ్గులవీ ప్రకటనలు. నేనేం నొక్కలేదు మరి."

ఆమెకు వెంటనే అర్థమైంది. ఎప్పుడో ఆ కంప్యూటర్లో తన ఫోన్ అకౌంటే తెరిచి, మూయడం మర్చిపోయింది. తమ్ముడికి కూడా చెప్పని సంగతి అక్కడ అందరికీ కనబడేలా ఆరేసి ఉంది.

"దానికేం పనుంది బాబాయ్, ఏవో ఒకటి చూపిస్తుంది" అని మాట దాటేసింది. ఆయన గోళ్ళలో ఎండిన అచ్చుల పొడి గీరుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు ఫోన్లు బాగుచేసే షాపుకెళ్ళింది. షాపు నడిపేది ఆమె ఈడు ఆడమనిషే. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని అంతా విన్నది.

"ముందు ఆ కంప్యూటర్లో అకౌంట్ మూసేయండి. సగం గొడవ దాంతోనే పోతుంది."

"మిగతా సగానికి? మన సంగతులు బయటికి పోనివ్వని ఫోన్ సిస్టం ఏదో ఉందట కదా."

"ఉంది. మీ ఫోన్‌కి పడుతుంది కూడా. ఫోన్ మొత్తం తుడిచేసి కొత్తగా వెయ్యాలి. వేస్తే మీమీద చాడీలు చెప్పడం చాలామటుకు మానేస్తుంది. ఏ యాప్‌కి ఏం చూపించాలో మీరే చెప్పొచ్చు. కాకపోతే కొన్ని యాప్‌లు మొరాయిస్తాయి. బ్యాంకువీ అలాంటివీ. పాత అకౌంట్లోకే వెళ్ళి వెతికారనుకోండి, మళ్ళీ మొదటికే."

"వేయించుకోమంటారా?"

"మీ భయం కంపెనీలంటేనా, తెలిసినవాళ్ళంటేనా? కంపెనీలైతే వేయించుకోండి. తెలిసినవాళ్ళయితే దీనివల్ల ఒరిగేదేం లేదు."

ఆమె భయం వేరు. నలుగురూ జాలిపడతారనీ, లేదంటే ఎవరూ పడరనీ. రెండిట్లో ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేక, "వేసేయండి" అంది.

కొత్త సిస్టంతో ఫోన్ మొదటి నాలుగు రోజులూ హాయిగానే ఉంది. విగ్గుల్లేవు, ఆస్పత్రుల్లేవు. ఉత్సాహం కొద్దీ తెలియని నంబర్ల నుంచి ఫోన్లు రాకుండా కట్టడి చేసింది. ఐదో రోజు ఫోన్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బల్లమీద ఒక్కసారీ మోగకుండా పడి ఉంది. పాడైందేమోనని రెండుసార్లు తీసి చూసింది. బాగానే ఉంది. ఆమెతో మాట్లాడాలనుకున్నవాళ్ళే ఎవరూ లేరు.

ఆ తర్వాత ఆస్పత్రికెళ్తే గడ్డలోంచి సూదితో కాస్త తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వాళ్ళ యాప్‌లో వస్తుందన్నారు. ఆ యాప్ ఆమె ఫోన్లో తెరుచుకోలేదు. "సరే, మేమే ఫోన్ చేస్తాం" అని నర్సు నింపడానికి ఒక కాగితం ఇచ్చింది. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అన్న చోట ఆమె ఏమీ రాయలేదు.

"ఇది ఖాళీగా ఉంచకూడదండీ. ఎవరో ఒకరి నంబరు రాయండి."

తమ్ముడి నంబరులో నాలుగంకెలు రాసి కొట్టేసింది. వాడు ఉన్నపళంగా బయల్దేరి వస్తాడు, లేదా రాలేనని సాకు వెతుక్కుంటాడు. రెండూ చూడాలని లేదు. చివరికి ల్యాబు నంబరు రాసింది.

మంగళవారం మధ్యాహ్నం బాబాయి తడి చేతులతోనే వచ్చాడు.

"ఆస్పత్రి వాళ్ళు ఫోన్ చేశారు. నీకు చేస్తే కలవడం లేదట. రిపోర్టు వచ్చింది, వచ్చి తీసుకోమన్నారు. ఏం రిపోర్టని నేనడగలేదు."

ఆమె చేతిలో ఉన్న మైనపు చిగుళ్ళ మీద గోరు దిగబడింది.

"తోడు రానా?"

"వద్దు బాబాయ్."

"బస్సు దాకా వస్తా" అని ఆయన ఆమె సంచీ అందుకున్నాడు. దారిలో ఎండ గురించీ, ఒక డాక్టరు పంపిన వంకర అచ్చు గురించీ మాట్లాడాడు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు.

అది నీటి బుడగ. ప్రమాదమేమీ లేదు, ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలన్నారు. ఆమె ఆస్పత్రి మెట్లమీద కూర్చుంది.  ఎవరికైనా చెప్పాలనిపించింది. తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు ఫ్రిజ్ చెడిపోయిందని అరగంట చెప్పాడు. అసలు భయమే చెప్పనివాడికి అది తీరిపోయిందని ఎలా చెప్పాలో తెలియక, "జాగ్రత్త" అని పెట్టేసింది. ల్యాబుకు చేసింది. అప్పటికే మూసేసినట్టున్నారు, మోగి మోగి ఆగిపోయింది. పదకొండేళ్ళలో బాబాయి నంబరు ఒక్కసారీ అడగలేదు. ఎదురుగా ఉండే మనిషికి నంబరెందుకనుకుంది. ఆ మంచి కబురు మోసుకుని ఒక్కతే ఇంటికెళ్ళి, అన్నం తినకుండానే పడుకుంది.

పొద్దున్నే ల్యాబు తలుపు తీయకముందే వెళ్ళి నిలబడింది. బాబాయి రాగానే చెప్పింది.

"ఏం లేదట బాబాయ్. వట్టి నీటి బుడగ."

ఆయన తాళం చెవి కోసం జేబులన్నీ వెతికాడు, అది చేతిలోనే ఉంది.

"మా ఆవిడకి నీటి బుడగ కాదు" అన్నాడు చివరికి. "అందుకే ఆ కంప్యూటర్లో చూడగానే అడిగేశా. అడగకూడదేమో అనుకున్నా తర్వాత."

పదకొండేళ్ళలో ఆయన తన భార్య ఊసెత్తడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆమె కూడా అడగలేదు. ఇద్దరూ లోపలికెళ్ళి లైట్లు వేశారు.

"ఆస్పత్రి వాళ్ళకి కూడా కలవని ఆ ఫోన్ అలాగే ఉంచుకుంటావా?" అన్నాడు ఆయన, నీళ్ళు పట్టుకుంటూ.

"ఉంచుకుంటా. దాని పని అది బాగానే చేస్తోంది" అంది ఆమె. కాస్త ఆగి, "మీ నంబరు చెప్పండి బాబాయ్" అంది.

ఆయనకు తన నంబరు గుర్తులేదు. చూసి చెప్తానని కళ్ళజోడు కోసం వెళ్ళాడు.